మూడు మీటర్ల బాల్కనీ, నలభై మీటర్ల బ్యాండ్

నాకు హామ్ రేడియో పిచ్చి, అంటే ఇంట్లోంచే సొంత రేడియోలో ఊళ్లవాళ్లతో మాట్లాడే సరదా. అందులో నలభై మీటర్ల బ్యాండ్‌కి (తరంగం పొడవు సుమారు అంత) హాఫ్ వేవ్ డైపోల్, అంటే తరంగంలో సగం పొడవుండే తీగ యాంటెన్నా, కట్టాలంటే సుమారు 20 మీటర్ల తీగ కావాలి. నా బాల్కనీ మూడు మీటర్లు. అందులో సగం బట్టలారేసే దండేనిదే. పోనీ టెర్రస్ మీద కడతానంటే, పిడుగుని చేయిపట్టుకుని నేనే తీసుకొస్తున్నట్టు చూశారు అసోసియేషన్ వాళ్లు.

సరేలెమ్మని మీటరు వ్యాసం ఉన్న మ్యాగ్నెటిక్ లూప్ (గొట్టాన్ని గుండ్రంగా వంచి చేసిన యాంటెన్నా) పెట్టా. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, దాంతో కాపురమే కష్టం. ఈ బ్యాండ్ ఉండే 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాని బ్యాండ్‌విడ్త్, అంటే ఒక్క ట్యూనింగుతో పనిచేసే మేర, ఏ పది కిలోహెర్ట్జో. ఎవరో పిలుస్తున్నారని డయల్ కాస్త తిప్పానో, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా పవర్‌ని ఎంత వెనక్కి కొడుతోందో చెప్పే లెక్క) కొండెక్కి కూర్చుంటుంది. మళ్లీ లేచి లూప్‌ని ట్యూన్ చేసే కెపాసిటర్ తిప్పాలి. చెయ్యి దగ్గరుంటే ఒక ట్యూనింగు, తీస్తే ఇంకొకటి! పంపేది 10 వాట్లే అయినా ఆ కెపాసిటర్ మీద వెయ్యి వోల్టులు దాటుతాయి. ట్రాన్స్‌మిట్ చేస్తూ తాకడానికీ లేదు. ఇంతా చేస్తే, ఆ పది వాట్లలో చాలా భాగం గొట్టాన్ని వెచ్చబెట్టడానికే సరి.

అసలు ఏడుపు ఇదీ కాదు, రేడియోలో వినిపించే రొద. పక్కింటి ఎల్‌ఈడీ బల్బులు, పైవాళ్ల చార్జరు, ఎవరిదో సోలార్ ఇన్వర్టరు. లూప్ పక్కకి తిప్పితే ఒకటి తగ్గుతుంది (ఇదొక్కటే దీని మంచి గుణం), రెండోది లేచి కూర్చుంటుంది. నిన్న రాత్రి గంటసేపు గొంతు చించుకుంటే ఒకాయన నా కాల్‌సైన్‌లో (రేడియోలో నా పేరులాంటి గుర్తు) సగం పట్టుకున్నాడు. మిగతా సగం చెప్పేలోపు లిఫ్ట్ కదిలింది.