బొమ్మల ఆత్మకథలో రచయిత ముఖం

వచనంలో ఆత్మకథ రాసేవారు తమ రూపురేఖలను ఒకటి రెండు చోట్ల వర్ణించి ఊరుకోవచ్చు. ఆపైన పుస్తకమంతా వారి గొంతే నడిపిస్తుంది. అదే కథను కామిక్స్‌గా చెప్పదలచినవారికి ఆ వెసులుబాటు లేదు. తమ ముఖాన్ని, భుజాల వాలును, కూర్చున్న తీరును ప్రతి ఫ్రేములోనూ గీయాలి, గీసిన ప్రతిసారీ తామెవరో మళ్లీ తేల్చుకోవాలి. ఈ ప్రక్రియకున్న బలమంతా ఆ నిర్బంధం నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

నాజీలు యూదులను మూకుమ్మడిగా చంపిన ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడిన తండ్రి వ్లాడెక్ జ్ఞాపకాలను ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’లో యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా గీసి చెప్పారు. 1986లో వచ్చిన మొదటి సంపుటంలో తండ్రితో పాటు కొడుకూ ఎలుకే. 1991 నాటి రెండో సంపుటంలో ఒకచోట ఆ కట్టుబాటు తెగిపోతుంది. డ్రాయింగ్ బల్ల ముందున్న రచయిత మనిషే, ముఖానికి మాత్రం దారాలతో కట్టుకున్న ఎలుక ముసుగు ఉంటుంది. బల్ల కింద శవాల గుట్ట. మొదటి పుస్తకం విజయం చూసి వచ్చిన విలేకరులు, వ్యాపారులు చుట్టుముట్టి ప్రశ్నిస్తున్నకొద్దీ ఆ మనిషి కుంచించుకుపోయి, చివరికి కుర్చీలో పసివాడై అమ్మ కావాలని ఏడుస్తాడు. అన్ని లక్షల మరణాల మీద తనకు పేరు వచ్చిందన్న బాధను పేజీలకొద్దీ వివరించినా, ఆ కొద్ది ఫ్రేములంత సూటిగా తగలదు.

ఆలిసన్ బెక్డెల్ దారి వేరు. 2006 నాటి ‘ఫన్ హోమ్’లో తండ్రి దాచుకున్న స్వలింగ ప్రేమను, ఆయన మరణాన్ని, లెస్బియన్‌గా తన ఎదుగుదలతో కలిపి ఆమె తరచి చూస్తారు. బొమ్మ వేసే ముందు ప్రతి పాత్ర భంగిమలోనూ తానే నిలబడి ఫొటో తీసుకున్నారు. తండ్రి చెయ్యి ఎలా వంగుతుందో గీయడానికి ముందు తన చెయ్యి వంచి చూసుకున్నారన్నమాట. అర్థంకాకుండానే వెళ్లిపోయిన మనిషి ఒంట్లోకి కాసేపు ప్రవేశించే ఇలాంటి సాధనం వచనానికి లేదు. పాత కుటుంబ ఫొటోలను, ఉత్తరాలను, చిన్ననాటి డైరీ పేజీలను సైతం చేత్తో మళ్లీ గీశారు. మర్జానె సత్రపి అయితే ఇరాన్‌లో తన బాల్యాన్ని చెప్పే ‘పెర్సెపోలిస్’ తొలి పేజీలోనే, తోటి పిల్లలంతా హిజాబ్‌తో కూర్చున్న క్లాసు ఫొటో అంచున తనను దాదాపు కనిపించకుండా కత్తిరించేశారు.

ఫొటో సాక్ష్యమని, బొమ్మ కల్పనేనని వాదించేవారు ‘మౌస్’ చివరి పేజీల దాకా చదవాలి. అక్కడ చారల ఖైదీ దుస్తుల్లో వ్లాడెక్ అసలు ఫొటో ఉంది. అది శిబిరంలో తీసింది కాదు. యుద్ధం ముగిశాక ఒక స్టూడియోలో, శుభ్రమైన కొత్త జత తొడుక్కుని ఆయన తీయించుకున్నది. ఆ సంగతి ఆయనే చెప్పకపోతే చూసిన ఎవరూ పోల్చుకోలేరు. ఎలుక ముసుగు మాత్రం తాను ముసుగునని దారాలతో సహా చూపిస్తుంది కాబట్టి, ఈ రెండింటిలో నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.