అక్కడి చరిత్ర 1834లో మొదలుకాలేదు

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గ్రేట్ ఓషన్ రోడ్డు కొత్త కాదు. ఊరి నుంచి చుట్టాలు దిగగానే మొదట తీసుకెళ్లేది అక్కడికే. ట్వెల్వ్ అపోస్టల్స్ అనే సున్నపురాతి స్తంభాల ముందు ఫొటోలు తీసుకుని, చీకటి పడేలోగా వెనక్కి మళ్లుతారు. నా అభ్యంతరమంతా ఆ వెనక్కి మళ్లడం మీదే. విక్టోరియా రాష్ట్రంలో నిజంగా చూడవలసిన చోటు అక్కడికి ఇంకో రెండు గంటల దూరంలో, పడమటి వైపు ఉంది. దాని పేరు బుజ్ బిమ్.

ఆ వైపునే పోర్ట్ ఫెయిరీ, పోర్ట్‌లాండ్ ఉన్నాయి. పాత రాతి ఇళ్లతో, రేవులతో అందమైన ఊళ్లు. 1834లో హెంటీ కుటుంబం వచ్చి దిగిన పోర్ట్‌లాండ్, విక్టోరియాలో ఐరోపావాసుల తొలి శాశ్వత స్థావరం. ఇక బల్లరాట్ బంగారం, 1854లో అక్కడి గని కార్మికులు చేసిన యురేకా తిరుగుబాటు అందరికీ తెలిసినవే. వారసత్వ యాత్ర అంటే ఇవే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

బుజ్ బిమ్ సుమారు 37 వేల ఏళ్ల కిందట పేలిన అగ్నిపర్వతం. లావా చల్లారి గట్టిపడిన ఆ నల్లరాతి నేలలో అక్కడి ఆదివాసులైన గుండిచ్‌మారా ప్రజలు కాలువలు తొలిచారు, రాళ్లు పేర్చి అడ్డుకట్టలు కట్టారు. తాము కూయాంగ్ అని పిలిచే మలుగు చేపలను ఆ కాలువల్లోకి మళ్లించి, మడుగుల్లో నిలిపి పెంచి, అల్లిన బుట్టలతో పట్టేవారు. ఈ నిర్మాణాల్లో ఒకదాని వయసు సుమారు 6,600 ఏళ్లు. అంటే ఈజిప్టులో గొప్ప పిరమిడ్డు లేవడానికి రెండు వేల ఏళ్ల ముందే ఇక్కడ చేపల పెంపకం సాగింది! ఈ చేప మంచినీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఎంతో దూరాన ఉన్న కోరల్ సముద్రానికి పోతుంది. దాని పిల్లలు మళ్లీ నదుల్లోకి వస్తాయి. ఆ రాకపోకల కాలం, నీటి మట్టం, నేల వాలు తరతరాలుగా గమనించినవారికే ఇంత పని సాధ్యం. తూములు, అలుగులు, గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగిన మనకు ఆ నైపుణ్యం విలువ వేరొకరు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆస్ట్రేలియా ఖండం ఎవరికీ చెందని నేల అన్న వాదన మీదే వలస పాలన నిలబడింది. ఆదివాసులు నేలను సాగు చేయలేదు, స్థిరంగా నివసించలేదు, కనుక వారికి హక్కు లేదన్నారు. ఎడీ మాబో అనే ద్వీపవాసి భూమి హక్కు కోసం వేసిన కేసులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఆ వాదనను కొట్టివేసింది 1992లో! బుజ్ బిమ్‌లోని రాతి ఇళ్ల పునాదులు ఆ తీర్పుకు ఎంతో ముందు నుంచే దానికి జవాబు చెబుతున్నాయి. 1840లలో వలసదారులతో జరిగిన యూమరెల్లా యుద్ధాల్లో గుండిచ్‌మారా వీరులు ఈ నల్లరాళ్ల మాటు నుంచే పోరాడారు. ఎవరూ లేని నేల అయితే యుద్ధం ఎవరితో చేసినట్టు?

ఉన్నదే ఒక్క రోజు సెలవు, పిల్లలకు రాతి కాలువలు ఏం ఆసక్తి అని కొందరు అంటారు. వలస వచ్చిన గని కార్మికుల కష్టం మాత్రం చరిత్ర కాదా అని మరికొందరు అడుగుతారు. అదీ చరిత్రే, దాన్ని నేను తక్కువ చేయను. నా అభ్యంతరం కథను మధ్య నుంచి మొదలుపెట్టడం మీద.

పేర్ల సంగతే చూడండి. 1836లో ఇటు వచ్చిన బ్రిటిష్ సర్వేయరు మేజర్ మిచెల్ ఈ కొండకు ఒక సైనికాధికారి పేరిట మౌంట్ ఈల్స్ అని పెట్టాడు. తర్వాత పటం గీసినవారి పొరపాటుతో అది మౌంట్ ఎక్లెస్ అయింది. ఒక రాతపొరపాటు నూటయాభై ఏళ్లకు పైగా అధికారిక నామమై కూర్చుంది. అక్కడి జాతీయ వనానికి అసలు పేరు తిరిగి వచ్చింది 2017లో. బుజ్ బిమ్ అంటే ఎత్తైన తల. ఆ కొండ తమ సృష్టికర్త నుదురని, చుట్టూ పడి ఉన్న లావా రాళ్లు ఆయన దంతాలని గుండిచ్‌మారా ప్రజలు చెబుతారు. కుక్ ఆస్ట్రేలియాను ‘కనుగొన్నాడు’ అని బడిలో వల్లెవేసిన మన తరం, కనీసం పిల్లలకైనా ఆ పేరు పలకడం నేర్పాలి.

2007లో గుండిచ్‌మారా ప్రజల భూమి హక్కులకు గుర్తింపు వచ్చింది. వలసదారులు ఎండగట్టిన టే రాక్ సరస్సులోకి 2010లో నీరు తిరిగి చేరింది. 2019లో బుజ్ బిమ్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. కేవలం ఆదివాసుల సాంస్కృతిక విలువల ఆధారంగా ఆస్ట్రేలియాలో ఆ గౌరవం పొందిన తొలి ప్రదేశం ఇదే. ఇప్పుడు ఆ సరస్సు ఒడ్డున వారే తమ కథ చెబుతున్నారు, కూయాంగ్ వంటకాలు వడ్డిస్తున్నారు. ఈసారి చుట్టాలు వచ్చినప్పుడు రెండు రోజులు కేటాయించి ముందు అక్కడికి వెళ్లండి. సముద్రంలోని స్తంభాలను తిరుగు ప్రయాణంలో చూడవచ్చు.