మోకాలికి రోబో అవసరమెంత?

హైదరాబాద్‌లో ఏ పెద్దాస్పత్రి ఎముకల విభాగానికైనా ఉదయం పది గంటలకు వెళ్లి చూడండి. మోకాలు అదిమిపట్టుకుని, కొడుకు భుజం ఆసరాగా కుర్చీలోంచి మెల్లగా లేచే అమ్మలు కనిపిస్తారు. కొడుకు చేతిలో ఎక్స్‌రే కవరు. ‘గుజ్జు మొత్తం అరిగిపోయింది, మోకీలు మార్చక తప్పదు’ అన్న మాట అప్పటికే విని ఉంటారు. డాక్టర్ గదిలోకి వెళ్లొచ్చాక ఇంకో టెన్షన్ మొదలవుతుంది. మామూలు ఆపరేషనా, రోబోటిక్‌దా? రెండోదానికి ఇంకొంత కట్టాలి. అమ్మకు మేలంటే ఏ కొడుకు వెనకాడతాడు? అప్పు చేసైనా సరే అంటాడు. ఆ మేలు ఎంత అన్నది మాత్రం చాలాచోట్ల ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. మా అభ్యంతరం అక్కడే.

జనం ‘చిప్పలు మార్పించుకున్నారు’ అంటారు గానీ, ప్రధానంగా మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది చివరను, దాని కింద ఉండే కాలి ఎముక పై చివరను కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, లోహపు తొడుగులు బిగించి, నడుమ గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. కోత సరైన కోణంలో పడాలి. కాలు చాచినా మడిచినా ఎముకలను కలిపి పట్టుకునే పక్క లిగమెంట్లు తగిన బిగువులో ఉండాలి. పనితనమంతా ఇక్కడే తెలుస్తుంది. మామూలు పద్ధతిలో తొడ ఎముకలోకి కడ్డీ దూర్చి, దాని ఆధారంగా కోతకు దారి చూపే అచ్చు (జిగ్) అమర్చి, డాక్టర్ రంపంతో కోస్తారు. రోబోటిక్ పద్ధతిలో ఎముకలకు పిన్నులు బిగించి, వాటి మీది గుర్తులను కెమెరాతో చూస్తూ కంప్యూటర్ కొలతలు లెక్కగడుతుంది. ఈ రోబోల్లో మేకో అనే యంత్రానికి ముందే సీటీ స్కాన్ కావాలి. అనుకున్న హద్దు దాటబోతే అది రంపాన్ని ఆపేస్తుంది. రోసా అనే మరో యంత్రమైతే కోతకు దారి చూపే గైడ్‌ను కదలకుండా పట్టుకుంటుంది, రంపం డాక్టర్ చేతిలోనే ఉంటుంది. ఏ యంత్రమైనా ప్లాన్ ఖరారు చేసేది, లిగమెంట్లు సరిచూసేది, కుట్లు వేసేది డాక్టరే. ‘రోబో ఆపరేషన్ చేస్తుంది’ అనే ఫ్లెక్సీలు ఈ సంగతి చెప్పవు.

కోత కచ్చితత్వంలో రోబోదే పైచేయి. తుంటి నుంచి చీలమండ దాకా ఉండాల్సిన కాలి సరళరేఖ మూడు డిగ్రీలకు మించి పక్కకు పోయే కేసులు దానివల్ల తగ్గుతాయి. మరి ఆ కచ్చితత్వం రోగి నడకలో కనిపించిందా? దక్షిణ కొరియాలో 1,400 మందికి పైగా రోగులను రోబో, మామూలు పద్ధతుల కింద రెండు బృందాలుగా చేసి, సగటున 13 ఏళ్లు గమనించిన పరిశోధన 2020లో వెలువడింది. కీలు పనితీరులో గానీ, మన్నికలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది పాత తరం రోబోడాక్ యంత్రం, ఇప్పటివి మెరుగైనవి అనే వాదన న్యాయమైనదే. కానీ పూర్తి మోకీలు మార్పిడికి మేకోకు అమెరికా అనుమతి వచ్చిందే 2015లో. దాని ఇరవై ఏళ్ల మన్నిక గురించి ఇప్పుడే ఎవరు మాటిస్తారు? ప్రధానంగా మామూలు పద్ధతిలో అమర్చిన కీళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయని మార్చిన కీళ్ల లెక్కలు రాసిపెట్టే విదేశీ రిజిస్ట్రీల ఆధారంగా లాన్సెట్ వైద్య పత్రిక 2019లోనే అంచనా ప్రచురించింది.

రోబో దండగ అని మేం అనడం లేదు. పాత ఫ్రాక్చర్‌కు వేసిన రాడ్డు తొడలో ఉండి కడ్డీ దూరని కేసుల్లో, మోకీలులో ఒక పక్కనే మార్చే ఆపరేషన్లలో అది బాగా అక్కరకొస్తుంది. మిగతా చాలామంది విషయంలో ఫలితాన్ని తేల్చేది డాక్టర్ చేతి అనుభవం, ఆ తర్వాత వారాల తరబడి కన్నీళ్లు పెట్టుకుంటూనైనా చేసే ఫిజియోథెరపీ.

ఇక డబ్బు సంగతి. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకీలు ఇంప్లాంట్లకు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీళ్లకు, గరిష్ఠ ధర నిర్ణయించింది. అప్పటిదాకా లక్షన్నర దాటిన కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంటు, జీఎస్టీ కాకుండా రూ.54,720కి దిగింది. ఇంప్లాంటు ధర, కంపెనీ పేరు బిల్లులో విడిగా చూపాలనీ ఆదేశించింది. రోబో చార్జీకి అలాంటి హద్దేమీ లేదు. దాన్ని ప్యాకేజీలో కలిపేస్తే ఎంతన్నది ఇంటివాళ్లకు తెలిసే దారే ఉండదు. బీమాలో రోబోటిక్ సర్జరీని మినహాయించొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది గానీ, కొన్ని పాలసీల్లో దానికి విడిగా పరిమితి ఉంటుంది. ఆ ముక్క డిశ్చార్జి రోజున తెలిస్తే ఆ ఇంటి పరిస్థితేమిటి?

స్వీడన్ 1975 నుంచే మార్చిన ప్రతి మోకీలు లెక్కా రాసిపెడుతోంది. మన దగ్గర వైద్యుల సంఘం రిజిస్ట్రీ ఉన్నా అది స్వచ్ఛందం. దాన్ని తప్పనిసరి చేస్తే ఏ యంత్రం, ఏ ఇంప్లాంటు మన కాళ్లకు ఎన్నేళ్లు పనికొచ్చిందో మనకే తెలుస్తుంది. మన పెద్దవాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, నేల మీదే భోంచేస్తారు. విదేశీ లెక్కలు వాళ్లకు ఎంతవరకు సరిపోతాయి? రిజిస్ట్రీకి సమయం పడుతుంది. ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. చార్జీలను స్థానిక భాషలో బోర్డు మీద పెట్టాలని 2012 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ నిబంధనలే చెబుతున్నాయి. రోబో చార్జీ ఎంత, అది లేకుండా చేస్తే ఎంత, ఆ డాక్టర్ ఏడాదికి ఎన్ని మోకీళ్లు మారుస్తారు, ఈ రోగికి రోబో ఎందుకు కావాలి అనేవి తెలుగులో కాగితం మీద రాసిచ్చాకే అడ్వాన్స్ కట్టించుకోవాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆదేశాలివ్వాలి.