హాని లేదంటే సరిపోతుందా?

కొత్త మందు వాడాలంటే ప్రయోగ ఫలితాలు ఏవని అడుగుతారు సంతాన సాఫల్య వైద్యులు. అడగాల్సిందే. ఒంటిపై కొన్ని బిందువుల్లో సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ దగ్గరికి వచ్చేసరికి అదే వైద్యుల్లో కొందరు 'హాని లేదు కదా, చేయించుకోండి' అనేస్తున్నారు. ల్యాబ్‌లో పిండాన్ని రూపొందించి గర్భాశయంలో పెట్టే ఐవీఎఫ్ చికిత్స ప్యాకేజీలో సూదుల సిట్టింగులు ఓ వరుసగా చేరిపోతున్నాయి. ఒక కంటికి వెన్న, మరో కంటికి సున్నం పెట్టే ఈ తీరు విజ్ఞానశాస్త్రం పేరు చెప్పుకునే చోట ఎలా చెల్లుతోంది?

ఈ సూదులతో ఐవీఎఫ్‌లో గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందన్న నమ్మకానికి మూలం 2002 నాటి ఒక జర్మన్ అధ్యయనం. పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టే రోజున 80 మందికి సూదులు గుచ్చారు, మరో 80 మందికి గుచ్చలేదు. మొదటి వర్గంలో 34 మంది, రెండో వర్గంలో 21 మంది గర్భం దాల్చారు. తమకు సూదులు పడ్డాయో లేదో అందులో పాల్గొన్న ప్రతి మహిళకూ తెలుసు. పోల్చి చూసేందుకు ఉత్తుత్తి సూదులు లేవు. అయినా ఆ అంకెలే ప్రచారానికి పెట్టుబడి అయ్యాయి. 2008లో ఏడు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షా సానుకూలంగానే వచ్చింది. ఆ సమీక్ష చేసిన బృందమే 2013లో 16 అధ్యయనాలను, 4 వేలకు పైగా మహిళలను లెక్కలోకి తీసుకుంటే మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొదటి కబురు మోసుకొచ్చినవారెవరూ రెండో కబురును అంత ఉత్సాహంగా మోయలేదు.

ఆ తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 16 కేంద్రాల్లో 848 మందిపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. ఈసారి పోలిక ఉత్తుత్తి సూదులతో. అవి చర్మంలోకి దిగవు, అసలు బిందువులకు దూరంగా పెడతారు. నిజం సూదులు వేయించుకున్నవారిలో 18.3 శాతం, ఉత్తుత్తి సూదులవారిలో 17.8 శాతం బిడ్డల్ని కన్నారు. తేడా అర శాతం! అంతకుముందు 2009లో హాంకాంగ్‌లో 370 మందిపై చేసిన పరీక్షలోనైతే ఉత్తుత్తి సూదులకే ఎక్కువ గర్భధారణలు నమోదయ్యాయి.

ఉత్తుత్తి సూదికీ ఎంతో కొంత ప్రభావం ఉండొచ్చని, సూదులతో ఆందోళన తగ్గి మనసు కుదుటపడుతుందని సమర్థకులు అంటారు. కుదుటపడితే సంతోషమే, ఆ మాట చెప్పే అమ్మండి. బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని అమ్మకండి. ఎక్కడ తాకినా ఫలితం ఒకటే అయితే ఒంటినిండా బిందువుల పటాలు గీయడం, వాటిపై ఏళ్ల తరబడి శిక్షణ ఇవ్వడం దేనికి?

'హాని లేదు' అన్నది అనుమతి పత్రంగా మారడమే మా ఆందోళన. ఈ ద్వారం ఒకసారి తెరిస్తే ఎవరైనా దూరొచ్చు. గర్భాశయం లోపలి పొరను గీరితే పిండం బాగా అంటుకుంటుందన్న మాట కొన్నేళ్లు ఇలాగే చలామణీ అయింది. 2019లో 1,364 మందిపై చేసిన పరీక్ష ఫలితం చూస్తే బిడ్డల్ని కన్నది గీరినా 26.1 శాతమే, గీరకపోయినా 26.1 శాతమే. అప్పటికే ఎందరో మహిళలు ఆ నొప్పి భరించారు.

పైగా హాని లేదన్న మాటా పూర్తి నిజం కాదు. పిండం నిలవకపోవడానికి ప్రధాన కారణాల్లో ఒకటి అందులోని క్రోమోజోముల లోపం, వయసుతో పాటు పెరిగేది. దాన్ని ఏ సూదీ సరిచేయలేదు. లోపం వీర్యకణాలదైనా సరే, ఆ రోజు సూదుల బల్ల ఎక్కేది భార్యే. ఫలితం నెగెటివ్ అని తేలిన రోజున 'ఇంకో రెండు సిట్టింగులు వేయించుకుని ఉంటే' అని తనను తాను నిందించుకునేదీ ఆమే. డబ్బు పోయిందన్న బాధకు ఈ నింద అదనం. ఏ బిల్లులోనూ ఇది కనిపించదు.

ఆక్యుపంక్చర్‌ను నిషేధించమని మేం అడగడం లేదు. కావాలనుకున్నవారు చేయించుకుంటారు. 'దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని పెద్ద పరీక్షల్లో తేలలేదు' అన్న ఒక్క వాక్యం డబ్బు కట్టించుకునే ముందు చెప్పమంటున్నాం, ప్యాకేజీ కాగితంపై అచ్చువేయమంటున్నాం. ఆ వాక్యం పలకడానికి నోరు రాని కేంద్రాలు రిసెప్షన్‌లో గోడకు తగిలించుకున్న తమ విజయాల శాతాల పట్టికను ముందు దించేయాలి. నచ్చిన అంకెల్ని గోడకెక్కించి, నచ్చనివాటిని సొరుగులో దాచేవాళ్లకు అంకెల ఊసెందుకు?