ఒకటో తరగతి వర్సెస్ భారత ప్రభుత్వం

ప్రాథమిక విద్య మీద మన పాలకులకు శ్రద్ధ లేదనే వారిని తీవ్రంగా ఖండిస్తున్నాను. పలకా బలపం వ్యవహారాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లడం శ్రద్ధ లేనివారి వల్ల అయ్యే పనేనా?

తగాదా చిన్నదే. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్‌లో చిన్నపిల్లలకు చదువు చెప్పడమే నేర్పుతారు. బీఎడ్ వారు హైస్కూలు పాఠాలకు తయారవుతారు. 2018 జూన్ 28న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, బీఎడ్ వారు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకు పనికొస్తారని నోటిఫికేషన్ ఇచ్చింది. కాకపోతే ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోగా ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలి. తాళి కట్టాక తీరిక చూసుకుని పెళ్లిచూపులకు వెళ్లడమన్న మాట.

డిగ్రీలు చదివినవాడికి అఆలు ఒక లెక్కా అన్నది దీని వెనుక తత్త్వం. ఆ తత్త్వవేత్తలను ఒక్క పూట ఒకటో తరగతికి పంపాలని నా మనవి. ముందు వరుసలో ఒకడు మూడంకెను అద్దంలో చూసినట్టు తిప్పి రాసి గర్వంగా చూపిస్తాడు. పక్కవాడు ఉమ్మితో పలక తుడుస్తుంటాడు. వెనుక కూర్చున్న పాప బలపం నమిలి మింగేసి, ఇంకొకటి కావాలని చెయ్యి చాస్తుంది. త్రికోణమితిలో నూటికి నూరు తెచ్చుకున్నవాడు ఆ చేతిలో ఏం పెడతాడు?

రాజస్థాన్ హైకోర్టు 2021లో ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టూ అదే సబబంది. ఇక్కడే ఆంధ్రప్రదేశ్ తన ప్రత్యేకతను చాటుకుంది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు డీఎస్సీ ప్రకటిస్తూ, ఎస్జీటీ, అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే టీచరు కొలువుకు బీఎడ్ వారూ అర్హులేనంది. తీర్పు వచ్చి అప్పటికి ఆరు నెలలు. అంటే సరిగ్గా ఒక బ్రిడ్జి కోర్సు పట్టే కాలం. ఆ కోర్సులో ప్రభుత్వం తప్పింది. హైకోర్టు స్టే ఇచ్చాక గానీ తీర్పులో ఏముందో బోధపడలేదు.

అన్నట్టు, ఆ బ్రిడ్జి ఏమైంది? తీర్పుకు ముందే నియమితులైన వారిని కాపాడుతూ 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వివరణ ఇచ్చే నాటికి దాని పునాది కూడా పడలేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ రక్షణ దక్కని రెండు వేలకు పైగా బీఎడ్ ఉపాధ్యాయులు మాత్రం ఉద్యోగాలు పోగొట్టుకుని రోడ్డెక్కారు. నియమం రాసినవారి ఉద్యోగాలకు ఏ ఢోకా లేదు లెండి.

మనకిది కొత్త విద్య కాదు. బీఎడ్ వారూ పోటీపడిన 2008 డీఎస్సీలో 30 శాతం ఎస్జీటీ పోస్టులను డీఎడ్ వారికి ప్రత్యేకించడంతో, మెరిట్ ఉండీ కొలువు దక్కని బీఎడ్ వారు కోర్టు మెట్లెక్కారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2025లో వారికి న్యాయం జరిగింది. కాంట్రాక్టు పద్ధతిలో జరిగింది. దరఖాస్తు నాడు ముప్ఫై ఏళ్లున్న అభ్యర్థి, నియామక పత్రంలో తన పేరు చదువుకోవడానికి జేబులోంచి కళ్లజోడు తీయాల్సి వచ్చింది. అతని పిల్లలకు ఎలాగూ ఒకటో తరగతి దాటిపోయింది.

కనుక డీఎస్సీ సిలబస్‌లో బాలల మనోవిజ్ఞానం కొంత తగ్గించి రిట్ పిటిషన్, కౌంటర్ అఫిడవిట్, ఇంప్లీడ్ కావడం వంటి పాఠాలు చేర్చాలని సవినయంగా సూచిస్తున్నాను. ప్రాక్టికల్స్ ధర్నాచౌక్‌లో పెట్టవచ్చు. హాజరైన వాయిదాలకు వెయిటేజీ ఇవ్వాలి. సర్వీసులో ఉన్నవారికీ ఇది అక్కరకొస్తుంది: టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్ష పాసు కాకుండా, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారంతా రెండేళ్లలో అది పాసు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. అందుచేత రివ్యూ పిటిషన్ పాఠాన్ని మొదటి యూనిట్‌లోనే పెడితే మంచిది.