దయామయులకు పెరట్లో ప్రవేశం లేదు

వంటింటి పక్కన సువాసన మొక్కలు పెంచుతామనే ప్రతి ఒక్కరికీ ముందుగా ఒక పరీక్ష పెట్టాలి. దయ, జాలి, మొహమాటం మోతాదు మించి ఉన్నాయని తేలినవాళ్లకు కుండీలు అమ్మడం నేరంగా ప్రకటించాలి. నా ఈ డిమాండ్‌కి నవ్వేవాళ్లు నవ్వొచ్చు. పురుగులూ తెగుళ్లూ కలిసి చేయలేని పనిని నీళ్ల చెంబు పట్టుకున్న ప్రేమ ఒంటిచేత్తో చేసేస్తుందని కాస్త అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

తొలి బలి రోజ్‌మేరీ. మధ్యధరా తీరంలో రాళ్లగుట్టల మీద, ఎవరూ పలకరించని చోట హాయిగా పెరిగిన మొక్క ఇది. దాని కోరికలు రెండే. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని మట్టి. థైమ్, లావెండర్ కూడా ఆ పక్కవే, బుద్ధీ అదే. దయామయుడు దీనికి మెత్తటి మట్టి, బలమైన ఎరువు, పొద్దున ఒక చెంబు, "పాపం, ఎండగా ఉంది" అని సాయంత్రం ఇంకో చెంబు సమర్పిస్తాడు. వేళ్లు కుళ్లి ఆకులు వాడతాయి. వాడాయి కాబట్టి దాహమేనని నిర్ధారించుకుని మూడో చెంబు పోస్తాడు. ఒకవేళ బతికినా, తిండి ఎక్కువై ఏపుగా పెరుగుతుందే తప్ప ఘాటు పలచబడుతుంది. 2017లో వృక్షశాస్త్రవేత్తలు రోజ్‌మేరీని సాల్వియా ప్రజాతిలో కలిపి దాని శాస్త్రీయ నామం మార్చారు. నీళ్ల విషయంలో దాని అభిప్రాయం మాత్రం మారలేదు.

అసలు గొడవంతా ఆకు వాసన గురించి మనకున్న భ్రమలోంచి పుట్టింది. పువ్వు వాసన ఆహ్వానం. పరాగసంపర్కం కోసం పురుగుల్ని పిలుస్తుంది కాబట్టి గాలిలోకి ధారాళంగా వదులుతుంది. ఆకు వాసన బెదిరింపు. ఆకు మీద సన్నటి గ్రంథుల్లో నూనె దాచుకుని, ఎవరైనా కొరికితే వాళ్ల నోట్లోనే పగలగొట్టడం దాని పథకం. మనం ఆ బెదిరింపును లొట్టలేసుకుంటూ కూరలో వేసుకుంటున్నాం, అది వేరే సంగతి. అందుకని కిటికీలో కుండీ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని దూరం నుంచి ఊపిరి పీల్చి "ఏంటి, వాసనే లేదు" అని పెదవి విరిస్తే లాభం లేదు. చెయ్యి వేయాలి. పుదీనా కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి, గుండ్రంగా తిరగదు, నాలుగు పలకలుగా తగులుతుంది. బేసిల్ (తులసి జాతి వంటాకు) కాడా అంతే, ఇద్దరిదీ ఒకే కుటుంబం. ఇక ఆకు నలపండి. వేళ్లకు అంటిన ఆ ఘాటు కోసమే కదా ఇంత హడావుడి. కాబట్టి ఈ మొక్కలకు తగిన చోటు నడిచే దారి అంచు, తలుపు పక్క. వచ్చేపోయేవాళ్లు రాసుకుంటూ పోవాలి.

బేసిల్ దగ్గరికి వచ్చేసరికి జాలి మరీ హద్దు మీరుతుంది. కొసలు తుంచితే దాని కింది ఆకుల జంట దగ్గర రెండు కొమ్మలు లేస్తాయి, మొక్క గుబురవుతుంది. తుంచకపోతే కర్రలా పైకి పెరిగి పూత పట్టి, ఇక ఆకుల బాధ్యత తనది కాదన్నట్టు ఉంటుంది. "పూలొచ్చాయండీ, తుంచడానికి చేతులు రావట్లేదు" అని ఫొటోలు పంపేవాళ్ల నంబర్లు బ్లాక్ చేయడం ఒక సామాజిక బాధ్యత.

పుదీనా విషయంలో దయ స్వేచ్ఛ రూపంలో వస్తుంది. "కుండీలో ఎందుకు ఇరికించడం, నేలలో వేస్తే హాయిగా పెరుగుతుంది" అంటారు. పెరుగుతుంది. నేలకింద వేరులాంటి కాడలు పాకించి, ఏకై వచ్చి మేకై కూర్చుంటుంది. ఏడాది తిరిగేసరికి పక్క మొక్కలు శరణార్థులవుతాయి. దీనికి కుండీయే గతి, అదీ అడుగు రంధ్రంలోంచి నేలలోకి దూరకుండా ఇటుక మీద ఎత్తి పెట్టిన కుండీ. పుదీనాలోని మెంథాల్ నిజంగా ఏ చల్లదనాన్నీ తీసుకురాదు, చలిని పసిగట్టే నాడుల్ని తట్టిలేపి అలా అనిపిస్తుంది. ఆ నాడుల్లో చలిని పసిగట్టే గ్రాహకాన్ని (రిసెప్టర్‌ని) కనిపెట్టినవాళ్లకు 2021లో నోబెల్ వచ్చింది. శరీరాన్నే నమ్మించగలిగింది, మిమ్మల్ని నమ్మించడం దానికో లెక్కా?

దోమలు రావని అమ్మే సిట్రొనెల్లా మొక్క గురించి ఒక్క ముక్క: ఊరికే కుండీలో నిలబడి అది ఏ దోమనూ ఆపదు.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను. వాసన బాగుందని నైట్ క్వీన్ (రాత్‌కీ రాణి), పూలు బాగున్నాయని గన్నేరు తెచ్చి ఈ ఆకుల పక్కనే నాటేవాళ్లున్నారు. రెండూ విషమే. హడావుడిలో, చీకట్లో, పిల్లల చేత తెప్పించినా సరే, ఏ ఆకు కోసినా ప్రమాదం లేని చోటుగా వంటింటి గుమ్మం ఉండాలి. వాటిని ఇంటికి అవతలి వైపు తరలించండి, మొహమాటపడకండి.

దూరం సంగతి కూడా తేల్చుకోవాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, పెరటి చివర ఉన్న చెట్టు వంటకూ పనికిరాదు. పొయ్యి మీద గిన్నె, ఒక చేతిలో గరిటె, బయట వాన, చెప్పులు ఎక్కడున్నాయో తెలియదు. ఆ స్థితిలో మీరు ఎంతదూరం వెళ్లగలరో అంతవరకే మీ తోట. ఆపైది అడవి కింద లెక్క.

చివరికి కొత్తిమీర. ఇరుకైన కుండీలో మొలిచింది కదా, పెద్దదాంట్లోకి మార్చి సుఖపెడదామని పీకితే దాని తల్లివేరు ఆ ఉపకారాన్ని భరించలేదు, అలిగి తొందరగా పూతకొస్తుంది. ఎండ ముదిరినా అదే పని చేస్తుంది. ధనియాల్ని రెండు బద్దలయ్యేలా మెల్లగా నలిపి, పెరగాల్సిన చోటే చల్లి, రెండు మూడు వారాలకోసారి మళ్లీ చల్లుతూ పోవాలి. ఇంట్లో ఎవరో ఒకరు "సబ్బు వాసన" అని అభ్యంతరం చెప్తారు. అది గారాబం కాదు, వాసన గ్రాహకాల జన్యువుల దగ్గర కొందరికి పుట్టుకతోనే వచ్చే ఒక తేడాకు దీనితో సంబంధం ఉందని 2012లో పరిశోధకులు చూపించారు. కాబట్టి వాళ్ల అభ్యంతరాన్ని గౌరవంగా విని, మినిట్స్‌లో రాసుకుని, ధనియాలు చల్లేయండి.