సవరణ: గెనుసుగడ్డలు కడగొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు

పెరట్లో తవ్విన గెనుసుగడ్డలను కడిగి, ఎండలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడితే చాలా రోజులు ఉంటాయని మొన్న రాశాను. అది తప్పు. దుంపల నిల్వపై ఉద్యాన శాస్త్రవేత్తలు ఇచ్చిన సూచనలు చదివాక తెలిసింది.

తవ్వగానే తోలు చాలా పలచగా ఉంటుంది, గోరు తగిలినా లేచిపోతుంది. అందుకే కడగకుండా మట్టి మాత్రం దులిపి, వారం రోజులు నీడలో ఉంచాలి. సుమారు 30 డిగ్రీల వేడి, గాలిలో బాగా తేమ ఉంటే గాయాల మీద కొత్త పొర కట్టుకుంటుంది, కుళ్లు లోపలికి పోదు. మన అనంతపురం గాలి పొడి కాబట్టి పక్కన తడి గోనెసంచి వేలాడదీయండి. గడ్డలకు మాత్రం నీళ్లు తగలకూడదు.

ఫ్రిజ్ అసలు వద్దు. 12 డిగ్రీల కంటే చల్లబడితే ఎంత ఉడికించినా నడిమధ్య గట్టిగానే ఉండిపోవచ్చు. పారకు తెగినవి దాచకండి, ముందు అవే వండుకోండి.